ప్రదర్శనశాలలో పిడుగును పిల్లలకు చూపించాలంటే ఏమేమి చూపాలి?

నల్లగొండ భౌతికశాస్త్రం

సభ్యులందరికీ నమస్కారం. నల్లగొండ, దేవరకొండ ప్రాంతాల్లో పనిచేస్తున్న కొందరు సైన్స్ ఉపాధ్యాయులం కలిసి, వాడుకలో లేని ఒక పాఠశాల భవనంలో చిన్న విజ్ఞాన ప్రదర్శనశాలను ఏర్పాటు చేయాలని ఆలోచిస్తున్నాము. అందులో ఒక గదిని పూర్తిగా విద్యుత్తుకూ మెరుపులకూ కేటాయించాలనీ, గోడలకు పటాలు వేలాడదీసి ఊరుకోకుండా పిల్లల కళ్ల ముందే నిప్పురవ్వ ఎగిరే ప్రత్యక్ష ప్రదర్శన జరపాలనీ మా కోరిక. హైదరాబాద్‌లోని బిర్లా సైన్స్ మ్యూజియానికి మా పిల్లలను తీసుకుపోవాలంటే బస్సు కిరాయి, రోజంతా సమయం, ఇంటివాళ్ల అనుమతి అన్నీ కుదరాలి. పదో తరగతి దాటేలోపు ఒక్కసారి కూడా వెళ్లని పిల్లలు ప్రతి పాఠశాలలోనూ ఉంటారు.

ప్రస్తుతం మా దగ్గర బల్ల మీద పెట్టుకునే వాన్ డి గ్రాఫ్ యంత్రం (తిరిగే బెల్టుతో లోహపు గోళం మీద చార్జి పోగుచేసేది) ఒకటి, చేత్తో పళ్లేలు తిప్పి రవ్వలు పుట్టించే విమ్స్‌హర్స్ట్ యంత్రం ఒకటి ఉన్నాయి. చందాలు సమకూరితే, గాలిలోకి పొడవైన రవ్వలు చిమ్మే తీగచుట్ట అయిన టెస్లా కాయిల్ కొనాలని కొందరు అంటున్నారు. ఎండాకాలపు గాలివానలు మొదలయ్యేలోపు గదిని తెరవాలన్నది మా ఆశ, ఎందుకంటే మా మండలాల్లో పిడుగుపాటు వార్తలు ఎక్కువగా వినవచ్చేది అప్పటి నుంచే. పెద్ద మ్యూజియాల్లో ఇటువంటి ప్రదర్శనలు చూసినవారు, విద్యుత్ శాఖలో పనిచేసినవారు, కళాశాలల్లో పాఠం చెప్పేవారు తమ సలహాలు రాయవలసిందిగా కోరుతున్నాను.

కృష్ణాతీరం

సార్, మాది మక్తల్ దగ్గర పల్లె. ఉద్యోగరీత్యా అమెరికాలో ఉంటున్నాను. బోస్టన్‌లోని మ్యూజియం ఆఫ్ సైన్స్‌లో విద్యుత్ ప్రదర్శనకే ప్రత్యేకించిన రంగశాల ఉంది. నేను అక్కడ చూసినదాన్ని కొంచెం వివరంగా రాస్తాను.

గాలినే బంధకంగా వాడుకునే వాన్ డి గ్రాఫ్ జనరేటర్లలో ప్రపంచంలోకెల్లా పెద్దది ఆ రంగశాల మధ్యలో ఉంటుంది. పొడవైన రెండు స్తంభాల మీద, ఒక్కొక్కటి 15 అడుగుల వ్యాసం గల రెండు బోలు అల్యూమినియం గోళాలు కనిపిస్తాయి. దీన్ని మ్యూజియం కోసం చేయలేదు. రాబర్ట్ వాన్ డి గ్రాఫ్ అనే భౌతికశాస్త్రవేత్త 1930ల మొదట్లో, పరమాణు కేంద్రకాలను ఛేదించడానికి కణాలకు వేగం అందించే సాధనంగా దీన్ని కట్టాడు. అంతకుముందు 1929లో ప్రిన్స్‌టన్‌లో ఆయన చేసిన తొలి నమూనాలో ఉన్నవి ఒక చిన్న మోటారు, ఒక పట్టు రిబ్బను, ఒక రేకు డబ్బా మాత్రమే. దానితోనే 80,000 ఓల్టుల వరకు సాధించగలిగాడు. పెద్ద యంత్రాన్ని మొదట మసాచుసెట్స్ సముద్రతీరంలో, గాలి ఓడను నిలపడానికి కట్టిన విశాలమైన షెడ్డులో ఉంచారు. ఆ షెడ్డులో గూళ్లు కట్టుకున్న పావురాల రెట్టలు గోళాల మీద పడి, అక్కడి నుంచి రవ్వలు పక్కదారి పట్టేవట. తరువాత అది ఎంఐటీ అనే అక్కడి సాంకేతిక విశ్వవిద్యాలయానికి చేరింది, 1950లలో మ్యూజియానికి విరాళంగా వచ్చింది.

ఇక ప్రదర్శన సంగతి. గోళం నుంచి ఫెళఫెళమని మెరుపులు దూకుతుండగా, ప్రదర్శకుడు లోహపు పంజరంలోకి ఎక్కి తలుపు వేసుకుంటాడు. పంజరం పైకి లేస్తుంది, దాని మీద మెరుపులు పడుతూ ఉంటాయి, ఆయన మాత్రం లోపలి నుంచి చువ్వలను చేత్తో తాకుతూ తాపీగా మాట్లాడుతుంటాడు. అది చూసిన ఏ పిల్లవాడూ ఫారడే పంజరం అనే మాటను మరచిపోడు. టెస్లా కాయిళ్లతో పాటలు కూడా వాయిస్తారు. నిజం చెప్పాలంటే జనం కేరింతలు అక్కడే ఎక్కువ, నేర్చుకునేది అక్కడే తక్కువ. మ్యూనిక్‌లోని డాయిచెస్ మ్యూజియం ప్రదర్శనకు కూడా లోపల మనిషి కూర్చున్న పంజరం మీద పిడుగు వేయడమే పేరు తెచ్చింది.

ప్రయోగశాల

మహబూబ్‌నగర్‌లో డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెబుతాను. కృష్ణాతీరం గారు చెప్పిన యంత్రానికీ సార్ దగ్గర ఉన్నదానికీ సూత్రం ఒక్కటే, పరిమాణమే వేరు. పొడి గాలి సెంటీమీటరుకు సుమారు 30,000 ఓల్టుల వరకు తట్టుకుంటుంది, ఆపైన తెగిపోయి రవ్వగా మారుతుంది. అందువల్ల గోళం ఎంత పెద్దదైతే అంత ఎక్కువ ఓల్టేజీని నిలుపుకోగలదు. 15 సెంటీమీటర్ల వ్యాసార్థం గల మన బల్ల యంత్రానికి సిద్ధాంతరీత్యా గరిష్ఠ పరిమితి నాలుగున్నర లక్షల ఓల్టులు. బోస్టన్ గోళానికి అదే లెక్క వేస్తే 70 లక్షలకు దగ్గరగా వస్తుంది. వాడుకలో రెండూ అంతకంటే బాగా తక్కువలోనే పనిచేస్తాయి.

పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. మూడు లక్షల ఓల్టుల గోళాన్ని తాకితే జుట్టు లేచి నిలబడుతుంది గానీ, ఇంట్లో 230 ఓల్టుల తీగ తగిలితే ప్రాణం పోతుంది, ఎందుకు? దీనికి జవాబును అంకెలతోనే చెప్పాలి. అంత చిన్న గోళం 3 లక్షల ఓల్టుల దగ్గర దాచుకోగలిగిన శక్తి ముప్పావు జౌలు మాత్రమే, అది కూడా రెప్పపాటులో వెయ్యోవంతు కంటే తక్కువ కాలంలో ఖర్చయిపోతుంది. ఇంటి తీగ వెనుక ట్రాన్స్‌ఫార్మర్, దాని వెనుక సబ్‌స్టేషన్ ఉన్నాయి. మనిషి గుండె మీదుగా 30 మిల్లీఆంపియర్లకు మించిన కరెంటు కొంతసేపు పారినా ప్రాణాపాయమే, ఆ తీగ అంతకు ఎన్నో రెట్లు ఎంతసేపైనా ఇవ్వగలదు. ఈ పోలికను ప్రదర్శన మొదట్లోనే చెప్పకపోతే, ఎక్కువ ఓల్టులు తాకినా ఏమీ కాలేదు కాబట్టి తక్కువ ఓల్టులు అసలేమీ చేయవన్న భ్రమతో పిల్లలు ఇంటికి పోతారు. ఆ భ్రమ కలిగించే ప్రదర్శన జరగకపోవడమే మేలు.

చెల్కనేల

అందరూ పెద్ద చదువులు చదివినవారు. నేను నాగర్‌కర్నూల్ వైపు జీవాలు మేపే కుటుంబంలో పుట్టి, డిగ్రీ వరకు చదివి, ఇప్పుడు వ్యవసాయం చూసుకుంటున్నాను. పై రాతలన్నీ ఆసక్తిగా చదివాను గానీ ఒక సందేహం మిగిలింది. బోస్టన్‌లో ఆ మనిషి పంజరంలో ఉన్నాడు. మా కాపరికి పంజరం ఎక్కడిది? వాన వస్తే ఆయన నిలబడేది చింతచెట్టు కిందనో, నాలుగు కర్రల మీద రేకులు పరచిన కొట్టం కిందనో. మా ఊళ్లో కొన్నేళ్ల కిందట వేపచెట్టు మీద పిడుగు పడినప్పుడు చెట్టు కింద గుమిగూడిన గొర్రెల మంద మొత్తం పడిపోయింది, వాటిలో ఒక్కదాని మీద కూడా నేరుగా పిడుగు పడలేదు. కాపరి కొంచెం దూరంలో ఉండి బతికాడు. అది ఎలా జరిగిందో గోళం మీది రవ్వను చూస్తే తెలుస్తుందా? తెలియనప్పుడు, మా పిల్లలకు మీరు చూపేది తమాషానే అవుతుంది కదా.

ప్రయోగశాల

చెల్కనేల గారి ప్రశ్నతో ఈ చర్చ అసలు దారికి వచ్చిందని నాకు అనిపిస్తోంది, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

పిడుగు వల్ల చనిపోయేవారిలో నేరుగా నెత్తిన పడి చనిపోయేవారు చాలా తక్కువ శాతం. ఎక్కువమందిని చంపేది నేల గుండా పాకే కరెంటు, ఆ తరువాత చెట్టు నుంచి పక్కనున్న మనిషి మీదికి దూకే మెరుపు. పిడుగు చెట్టు మొదట్లోకి దిగినప్పుడు ఆ కరెంటు నేలలో అన్ని దిక్కులకూ పరచుకుంటుంది, మొదలు దగ్గర ఓల్టేజీ అత్యధికంగా ఉండి దూరం పోయేకొద్దీ పడిపోతుంది. ఒక పాదం దగ్గరగా, ఇంకొక పాదం దూరంగా ఉంటే ఆ రెండు చోట్ల మధ్య తేడా మొత్తం శరీరానికి తగులుతుంది.

లెక్క వేసి చూద్దాం. సాధారణంగా ఒక పిడుగు గరిష్ఠ కరెంటు 30,000 ఆంపియర్ల ప్రాంతంలో ఉంటుంది. నేల నిరోధకతను 100 ఓమ్-మీటర్లు అనుకుంటే, చెట్టుకు 10 మీటర్ల దూరంలో అరమీటరు ఎడంగా పాదాలు పెట్టి నిలబడ్డ మనిషి కాళ్ల మధ్య దాదాపు 2,270 ఓల్టుల తేడా వస్తుంది. అదే చోట చెట్టు వైపు తలపెట్టి నిలబడ్డ ఆవుకు ముందుకాళ్లకూ వెనుకకాళ్లకూ మధ్య మీటరున్నర దూరం ఉంటే 6,200 ఓల్టులు దాటుతుంది, పైగా ఆ కరెంటు దారిలోనే గుండె ఉంటుంది. మనిషికి ఒక కాలిలో ఎక్కి ఇంకో కాలిలో దిగే కరెంటు చాలావరకు నడుము కిందనే తిరిగిపోతుంది. నాలుగు కాళ్ల జీవాలు మందలుగా పడిపోవడానికి కారణం ఇదే. నార్వేలో 2016 ఆగస్టులో ఒకే గాలివానలో 323 రెయిన్‌డీర్ జింకలు ఇలాగే చనిపోయాయి.

ఈ లెక్క స్థూలమైనది, ఎందుకంటే అంత పెద్ద కరెంటుకు మట్టి కూడా అక్కడక్కడ తెగి రవ్వలు పాకుతుంది. అయినా ఒక విషయం మాత్రం మన ప్రాంతానికి గట్టిగా వర్తిస్తుంది. నిరోధకత పెరిగితే ఈ తేడా కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. తడిసిన నల్లరేగడి కంటే, కిందనే బండ ఉన్న పాలమూరు ఎర్ర చెల్కల్లో నిరోధకత ఎన్నో రెట్లు ఎక్కువ.

దీన్ని గదిలో చూపడానికి లక్షల ఓల్టులు అక్కర్లేదు. వెడల్పాటి ప్లాస్టిక్ ట్రేలో తడి ఇసుక పరచి, మధ్యలో ఒక మేకు గుచ్చి దాన్ని చెట్టు అనుకోవాలి. ట్రే అంచు చుట్టూ రాగి తీగ పరచి, 12 ఓల్టుల సరఫరాను మేకుకూ ఆ తీగకూ మధ్య కలపాలి. మల్టీమీటరు రెండు కొనలే కాళ్లు. వాటిని మేకు దగ్గర ఎడంగా పెడితే ఓల్టేజీ ఎక్కువ చూపుతుంది, దగ్గరగా చేర్చితే దాదాపు సున్నా అవుతుంది, దూరం జరిపితే తగ్గుతుంది, రెండు కొనలను మేకుకు సమాన దూరంలో పెడితే మళ్లీ సున్నా వస్తుంది. ఈ ఆఖరిది చూసి పిల్లలు ఆశ్చర్యపోతారు, ఎందుకో వాళ్ల చేతనే చెప్పించాలి. బోస్టన్ వారికి పంజరం ఎలాగో మనకు ఈ ట్రే అలాగ ప్రదర్శనకు కేంద్రం కావాలని నా అభిప్రాయం.

మక్తల్ యువకుడు

ఇసుక ట్రే మంచిదే కానీ, టెస్లా కాయిల్ లేకపోతే పిల్లలు గది దాకా రారు కదా సార్. అందులో కరెంటు ఎక్కువ పౌనఃపున్యంలో ఉంటుంది కాబట్టి చర్మం మీదనే పారుతుంది, లోపలికి పోదు, ప్రమాదం లేదు అని వీడియోల్లో చెబుతున్నారు. పాత మైక్రోవేవ్ ఓవెన్‌లోని ట్రాన్స్‌ఫార్మర్ తీసుకుంటే రవ్వలు పైకి పాకే నిచ్చెనను చాలా తక్కువ ఖర్చుతో మనమే చేసుకోవచ్చు. మా మిత్రులం కలిసి చేసి ఇవ్వగలము.

పాలమూరు లైన్

తమ్ముడూ, ఆ ఓవెన్ ట్రాన్స్‌ఫార్మర్ జోలికి దయచేసి పోవద్దు. నేను విద్యుత్ పంపిణీ శాఖలో లైన్‌మన్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టర్‌గా పదవీ విరమణ చేశాను. 33 కేవీ, 11 కేవీ (అంటే 33 వేల, 11 వేల ఓల్టుల) తీగల మీద పనిచేసిన మనిషిగా చెబుతున్నాను, ఆ చిన్న డబ్బా నాకు వాటికంటే ఎక్కువ భయం కలిగిస్తుంది. అది దాదాపు 2,000 ఓల్టుల దగ్గర అర ఆంపియరో, అంతకంటే ఎక్కువో ఇవ్వగలదు. పైన మాస్టారు చెప్పిన 30 మిల్లీఆంపియర్లతో పోల్చి చూసుకోండి. 11 కేవీ లైనుకు సబ్‌స్టేషన్‌లో ట్రిప్ అయ్యే రక్షణ ఉంటుంది, మనిషికి ఎంత ఎడం పాటించాలో నేర్పుతారు. బల్ల మీది ఆ ట్రాన్స్‌ఫార్మర్‌కు ఏ రక్షణా లేదు, దానితో ఆటలాడి ప్రాణం పోగొట్టుకున్న వారు అనేక దేశాల్లో ఉన్నారు. పిల్లలు ప్రదర్శనలో చూసినదాన్నే ఇంటికి పోయి చేయబోతారన్న సంగతి కూడా మరచిపోకండి. ఇంట్లో చేస్తే చావుకు దారితీసేదాన్ని, ఎంత జాగ్రత్తగా నడిపినా సరే, ఆ గదిలోకి రానివ్వకూడదు.

ప్రయోగశాల

పాలమూరు లైన్ గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. టెస్లా కాయిల్ గురించి కూడా ఒక మాట. ఆ పౌనఃపున్యాల్లో కరెంటు చర్మం మీదనే ఉండిపోతుందన్నది రాగి తీగ విషయంలో నిజం, మనిషి శరీరం విషయంలో కాదు. మన కండలు రాగితో పోలిస్తే చాలా పేలవమైన వాహకాలు, కాబట్టి ఆ కరెంటు లోపలి దాకా పోతుంది. నొప్పి తెలియకపోవడానికి కారణం, సెకనుకు లక్షల సార్లు దిశ మార్చుకునే కరెంటుకు నరాలు స్పందించలేకపోవడమే. నొప్పి లేదు కాబట్టి హాని లేదనుకుంటే లోపల కాలిన సంగతి కూడా తెలియదు. కొనదలచుకుంటే మంచి తయారీదారుని చిన్న కాయిల్ కొని, చుట్టూ కంచె పెట్టి, ట్యూబ్‌లైటు తీగ లేకుండా వెలగడం చూపండి. అంతకుమించి అవసరం లేదు.

మర్రినీడ

పిల్లలమర్రి పక్కన పెరిగిన మనిషిని కనుక ఈ పేరు. కొంతకాలం ఒక నగరంలోని విజ్ఞాన కేంద్రంలో ప్రదర్శకురాలిగా పనిచేశాను, అక్కడ వాన్ డి గ్రాఫ్ యంత్రాన్ని నడిపే బాధ్యత నాదే. కాగితం మీద ఎవరూ రాయని కొన్ని విషయాలు చెబుతాను.

మొదటిది తేమ. ఎండాకాలంలో నల్లగొండ పొడి గాలికి ఆ యంత్రం అద్భుతంగా పనిచేస్తుంది, వానాకాలంలో అదే యంత్రం అతిథుల ముందు పరువు తీస్తుంది. బెల్టు మీదా, గోళాన్ని నిలిపే గొట్టం మీదా కంటికి కనిపించని తేమ పొర చేరి చార్జి జారిపోతుంది. ప్రదర్శనకు ముందు జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరుతో బెల్టును వెచ్చబరచండి, గొట్టాన్ని స్పిరిట్‌తో తుడవండి, పిల్లలందరినీ ముందే గదిలో నింపకండి, వాళ్ల ఊపిరిలోని తేమ కూడా యంత్రానికి తెలుస్తుంది.

రెండవది, గుండెకు పేస్‌మేకర్ అమర్చినవారు, వినికిడి యంత్రాలు పెట్టుకున్నవారు ఆ గదిలోకి రాకూడదని తలుపు దగ్గరే చెప్పాలి, బోర్డు మీద రాస్తే ఎవరూ చదవరు. పెద్ద శబ్దానికి భయపడే పిల్లలకు ముందుగా చప్పుడు ఎలా ఉంటుందో చిన్న రవ్వతో వినిపించి, తలుపు దగ్గర కూర్చోబెట్టండి. రవ్వల వల్ల ఓజోన్ పుడుతుంది, ఆ ఘాటు వాసన తగలగానే కిటికీలు తెరవాలి.

మూడవది నాకు ముఖ్యమైనది. జుట్టు లేచి నిలబడే పిల్లవాడిని ఎంపిక చేసేటప్పుడు అతడు ప్లాస్టిక్ పీట మీద ఎక్కి, గోళం మీద చేయి పెట్టిన తరువాతే యంత్రం మొదలుపెట్టాలి, గోళాన్ని భూమికి కలిపి చార్జి పోగొట్టిన తరువాతే చేయి తీయించాలి. మధ్యలో ఇంకొకరు అతన్ని ముట్టుకోకూడదు. 1746లో నోలే అనే ఫ్రెంచి మతగురువు లేడెన్ జాడీతో (చార్జిని నిలవచేసే గాజు జాడీ) 180 మంది రాజభటులను చేతులు పట్టించి, రాజు ముందు ఒకేసారి ఎగిరి పడేలా చేశాడు. రాజుకు అది వినోదం. ఇప్పటికీ కొందరు ప్రదర్శకులు పిల్లలను గొలుసుగా నిలబెట్టి షాక్ కొట్టించి నవ్విస్తున్నారు. ఆ అలవాటును మీ గదిలోకి రానివ్వకండి.

కృష్ణాతీరం

చెల్కనేల అన్న అడిగిన పంజరం ప్రశ్నకు జవాబు బాకీ ఉంది. పంజరాన్ని చూపడం మానకూడదు, అయితే ఏది పంజరమో ఏది కాదో చూపాలి. 1836లో ఫారడే లండన్‌లో 12 అడుగుల గదికి లోహపు రేకు చుట్టించి, తాను సున్నితమైన పరికరాలతో లోపల కూర్చుని, బయట ఎంత చార్జి నింపినా లోపల ఏమీ తెలియదని నిరూపించాడు. మనం ఒక రేడియోను చిలుకల పంజరంలో పెట్టి, పక్కన రవ్వలు కొట్టించి గరగర శబ్దం ఎంత తగ్గుతుందో వినిపించవచ్చు. ఆ తరువాత పంజరం ఒక పక్క తెరిచి, కేవలం పైకప్పు మాత్రమే మిగిల్చి మళ్లీ వినిపించాలి.

అప్పుడు రేకుల కొట్టం ఎందుకు పనికిరాదో పిల్లలే చెబుతారు. తలుపులు, అద్దాలు మూసిన కారు, లోహపు శరీరం గల పల్లెవెలుగు బస్సు మంచి ఆశ్రయాలు. ట్రాక్టరు, ఆటో, మోటారు సైకిల్ కావు. బస్సును కాపాడేది రబ్బరు చక్రాలేనన్న నమ్మకం కూడా పోవాలి. కిలోమీటర్ల గాలిని చీల్చుకుని వచ్చినదాన్ని జానెడు రబ్బరు ఆపలేదు, కరెంటు లోహపు పైపొర మీదుగా దిగిపోవడమే లోపలివారిని కాపాడుతుంది.

ప్రయోగశాల

పనిలో పనిగా ఇంకొక హెచ్చరిక. వాన్ డి గ్రాఫ్ గోళం దగ్గరికి మొనదేలిన సూదిని తెచ్చి, రవ్వలు ఆగిపోవడం చూపి, ఇళ్ల మీది పిడుగు కడ్డీ మేఘంలోని చార్జిని ఇలాగే చప్పుడు లేకుండా లాగేస్తుందని చెప్పడం చాలా ప్రయోగశాలల్లో ఆనవాయితీ. పిడుగు కడ్డీని కనిపెట్టిన ఫ్రాంక్లిన్ కూడా మొదట అదే ఆశించాడు. కానీ మేఘంలోని చార్జికి ఒక కడ్డీ కొన నుంచి కారేది ఏ మూలకూ సరిపోదు. కడ్డీ పిడుగును ఆపదు, తన మీదికి తీసుకుని మందమైన తీగ ద్వారా నేలలోకి దింపుతుంది, అంతే. ప్రయోగం బాగుంది కదా అని తప్పు వివరణ అంటించకండి. పిడుగును తక్కువ అంచనా వేసినవారిలో శాస్త్రవేత్తలూ ఉన్నారు, భూమికి సరిగా కలపని కడ్డీతో ఇంట్లో ప్రయోగం చేస్తూ రిచ్‌మన్ 1753లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ప్రాణం పోగొట్టుకున్నాడు.

మక్తల్ యువకుడు

ఓవెన్ ట్రాన్స్‌ఫార్మర్ ఆలోచన వదిలేశాము. మరొక సందేహం. అంత శక్తి ఉన్న పిడుగును పట్టుకుని కరెంటుగా వాడుకోలేమా? ఈ ప్రశ్న పిల్లలు తప్పక అడుగుతారు.

కృష్ణాతీరం

ఒక పిడుగు మొత్తం శక్తిని సుమారు 100 కోట్ల జౌలుగా లెక్కిస్తారు. మీటరు లెక్కలో చూస్తే అది 280 యూనిట్లకు మించదు, అందులోనూ అధిక భాగం గాలిని వేడి చేయడానికీ ఉరుముకూ పోతుంది. నాగార్జునసాగర్ ప్రధాన జలవిద్యుత్ కేంద్రం స్థాపిత సామర్థ్యం 815.6 మెగావాట్లు. పూర్తిగా నడిస్తే ఆ శక్తిని ఒకటింబావు సెకనులో ఇస్తుంది. ఎక్కడ పడుతుందో తెలియని దానికోసం ఎవరు టవర్లు కట్టి కూర్చుంటారు?

పాలమూరు లైన్

ప్రదర్శన చివర తప్పకుండా చెప్పవలసిన విషయం ఇంతవరకు ఎవరూ ప్రస్తావించలేదు. పిడుగుకూ బియ్యానికీ ఒకటే మంత్రం అని మన సామెత, ఇక్కడ మాత్రం ఒకటే మంత్రం పనిచేయదు. పిడుగు తగిలి పడిపోయిన మనిషి శరీరంలో కరెంటు మిగిలి ఉండదు. అతన్ని వెంటనే ముట్టుకోవచ్చు, ముట్టుకోవాలి. ఊపిరి, గుండె ఆగిపోతే ఛాతీ మధ్యలో నొక్కడం మొదలుపెట్టి 108కి ఫోన్ చేయించాలి, ఆ మొదటి నిమిషాల్లోనే బతికే అవకాశం ఉంటుంది. ముట్టుకుంటే మనకూ తగులుతుందన్న భయంతో చుట్టూ నిలబడి చూసే జనం వల్ల పోయే ప్రాణాలు ఉన్నాయి.

తెగిపడిన తీగ తగిలినవాడి సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. సరఫరా ఆగిందని రూఢి అయ్యేదాకా అతన్ని ముట్టుకోకూడదు. మోటారు స్టార్టర్ దగ్గరైతే మెయిన్ దించాలి. ఇంటి తీగకు ఎండుకర్ర కొంత పనికివస్తుంది గానీ 11 కేవీ తీగకు ఏ కర్రా పనికిరాదు, సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి దూరంగా నిలబడటమే దారి. తెగిపడిన ఆ తీగ చుట్టూ నేలలో కూడా ఇసుక ట్రేలో మాస్టారు చెప్పిన ఓల్టేజీయే ఉంటుంది, అందుకే దూరం పోయేటప్పుడు పెద్ద అంగలు వేయకుండా పాదాలు జరుపుకుంటూ పొమ్మని మాకు శిక్షణలో చెప్పేవారు. ఒకే ట్రేతో రెండు పాఠాలు చెప్పవచ్చు, ఎక్కడ ఒకటి ఆగి ఎక్కడ రెండోది మొదలవుతుందో మాత్రం పిల్లలకు స్పష్టంగా తెలియాలి.

చెల్కనేల

ఇప్పుడు నాకు తృప్తిగా ఉంది. ఒక్కటి జోడిస్తాను. ఉరుము వినబడగానే మా నాయనమ్మ అర్జునా, ఫల్గుణా అంటూ మమ్మల్ని ఇంట్లోకి లాగి కూర్చోబెట్టేది. ఆ అలవాటును మీ ప్రదర్శనలో ఎగతాళి చేయకండి. ఆ పేర్లు చదివినంతసేపు పిల్లలు బయటికి పోకపోవడం మంచిదే. దాని పక్కనే లెక్క నేర్పండి. మెరుపు కనబడినప్పటి నుంచి ఉరుము వినబడేదాకా మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. 30 సెకన్ల లోపు వినబడితే పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు, ఆఖరి ఉరుము తరువాత అరగంట దాకా పొలంలోకి పోకూడదు. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ చేసిన దామిని యాప్ 20, 40 కిలోమీటర్ల పరిధిలో హెచ్చరిక ఇస్తుంది, ఫోన్ ఉన్న కాపరులకు అది ఎక్కించి పంపితే ఇంకా మంచిది. దేశంలో 2019 నుంచి 2022 వరకు ఏటా 2,800 మందికి పైగా పిడుగుపాటుకు చనిపోయినట్లు జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో ఉంది, వారిలో నావంటి కుటుంబాలవారు ఎంతమందో ఊహించగలను.

నల్లగొండ భౌతికశాస్త్రం

అందరికీ కృతజ్ఞతలు. టెస్లా కాయిల్ కొనుగోలును ప్రస్తుతానికి పక్కన పెట్టాము, ఆ డబ్బుతో నాలుగు ఇసుక ట్రేలూ, మల్టీమీటర్లూ, ఛాతీ నొక్కడం నేర్పే బొమ్మ ఒకటీ తీసుకుంటాము. వాన్ డి గ్రాఫ్ రవ్వతో మొదలుపెట్టి, పంజరం, ఆ తరువాత ట్రే, ఆఖరున పాలమూరు లైన్ గారి పాఠం అనే వరుస అనుకున్నాము. వీలైతే ఆయననే స్వయంగా రమ్మని కోరుతున్నాము.

నిన్న సాయంత్రం 12 ఓల్టుల బ్యాటరీతో ఒక ట్రే చేసి చూశాము. మొదట్లో అంకెలు బాగానే వచ్చాయి, కొద్దిసేపటికి మేకు చుట్టూ బుడగలు లేచి అంకెలు నిలకడ లేకుండా మారసాగాయి. మాస్టారు దారి చెప్పగలరు.

పాలమూరు లైన్

తప్పకుండా వస్తాను సార్. మా దగ్గర పాత పింగాణీ ఇన్సులేటర్లు కొన్ని ఉన్నాయి, పిల్లలు చేత్తో పట్టుకుని చూడటానికి తెస్తాను.

ప్రయోగశాల

బ్యాటరీ ఇచ్చే ఏకదిశ కరెంటు వల్ల తడి ఇసుకలోని నీరు విడిపోయి మేకు మీద వాయువు పేరుకుంటోంది, అంకెలు జారిపోవడానికి అదే కారణం. బ్యాటరీ తీసేసి, 230 నుంచి 12 ఓల్టులకు దించే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ వాడండి. రెండు చుట్లూ విడివిడిగా ఉండే మంచి రకమే కొనండి, దాన్ని మూత ఉన్న డబ్బాలో బిగించి ఫ్యూజు పెట్టించండి, 230 ఓల్టుల వైపు పిల్లల చేతికి అందకూడదు. మల్టీమీటరును ఏసీ 20 ఓల్టుల స్థాయిలో ఉంచండి. ఇసుకలో చిటికెడు ఉప్పు కలిపిన నీళ్లు చిలకరించి, ట్రే అంతటా ఒకే మందం ఉండేలా పలకతో సమం చేయండి, లేకపోతే ఒక పక్క అంకెలు ఒక తీరుగా, ఇంకో పక్క మరో తీరుగా వస్తాయి. రెండో ట్రేలో ఇసుకకు బదులు చెల్క మట్టిని తక్కువ తడితో వాడండి, అయితే ఒక జాగ్రత్త: ట్రే మొత్తం మీద ఓల్టేజీ 12 వద్దనే ఉంటుంది కాబట్టి కాళ్ల మధ్య అంకె పెరగదు, సరఫరా నుంచి వచ్చే కరెంటు తగ్గడం మాత్రమే కనబడుతుంది. పిడుగు విషయంలో స్థిరంగా ఉండేది కరెంటు, ఓల్టేజీ కాదు. ఆ తేడా చూపాలంటే రెండు ట్రేలనూ ఒకే సరఫరాకు ఒకదాని తరువాత ఒకటిగా కలపండి, రెండింటిలోనూ ఒకే కరెంటు పారుతుంది, చెల్క మట్టి ట్రేలో కాళ్ల మధ్య అంకె పెద్దదిగా కనబడుతుంది.